నాలుగో దుంగ

గుడ్డి బాయి దిక్కు పొద్దు గూకినంక ఎవ్వలు పోయేటోళ్లు గాదు.

భీమా... ఫోన్ల ఇది ఎక్కుతుందా? ఎర్ర సుక్క కనబడుతుంది, ఎక్కుతున్నట్టే ఉంది. నాకు సదువు రాదు, రాసి పంపుడు రాదు. అందుకే నోటితోని జెప్తున్న. నువ్వు ఒక్కనివే ఉన్నప్పుడు ఇను, బిడ్డా.

గుడ్డి బాయి అంటే నీళ్ల బాయి గాదు, బొగ్గు బాయి. ఘుగ్గుస్ దిక్కు మన బొగ్గు కూలోళ్ల పాత లైన్ల ఇండ్లు ఉండె సూడు, వాటి ఎనక. నాకు పదేండ్లప్పుడు అండ్ల పైకప్పు కూలి అయిదుగురు కిందనే ఉండిపోయిండ్రు. పీనుగులు గూడ ఎల్లలే. మాలిక్ మూతికి కట్టెలు అడ్డం గొట్టి మూసేసిండు. అప్పటి సంది రాత్రి పూట కింద నుంచి సప్పుడు వస్తదని జనం అనేటోళ్లు. టక్... టక్... టక్. గట్టిగ గాదు. సుట్టమొచ్చి తలుపు కొట్టినట్టు.

లోపలి నీళ్లు తోడే ఇనుప పైపు ఒకటి ఉండె. మోటర్ పీక్కపోయిండ్రు గని పైపు అట్లనే ఇడిసిపెట్టిండ్రు. దాని మూతి మైదానం ఒడ్డుకు తేలి ఉండె. పొల్లగాండ్లు దాని మీద కూసుందామంటే ముసలోళ్లు రాయి తీస్కొని ఉరికొచ్చేది.

రాజురా తాలూకా ఆదిలాబాద్ నుంచి తెగి మన చాందా జిల్లల కలిసిన ఏడు అది. లైన్లల్ల ఎక్కడ సూడు గదే ముచ్చట. ఇగ ఇదంత మరాఠోళ్ల రాజ్యమైతదని, మన పిల్లలకు మన మాట ఉండదని, కొందరు మూటలు గట్టి మంచిర్యాల దిక్కు ఎల్లిపోతుండిరి. మీ నాయిన బాపయ్య గూడ గదే పట్టు. "పోదాం పదవే, అవుతల బాయిలు లేవా?" మీ అమ్మ లస్మవ్వ కడుపుతోని ఉండె. కడుపుల నువ్వే. "నేన్ రాను. నువ్ పోతే పో" అనేది.

ఆ ఏడు గణపతికి ఏడు రాత్రులు ఆటా పాటా పెట్టాలని రామకిషన్ లేసిండు. గణపతి పెట్టే మండలానికి ఆయనే పెద్ద. నోరు మంచిది, మైకు దొరికితే ఇడువడు. చాందా నుంచి కవ్వాలి, మన దిక్కు నుంచి ఒగ్గోళ్లు, గోండ్‌పిప్రి అవుతల నుంచి గోండుల దండారి ఆట, మరాఠోళ్ల తమాషా పార్టీ, ఆఖర్ల తెర గట్టి సినిమా. ఢోలక్ నాది. నాకు పద్దెనిమిదేండ్లు. బాయిల దిగి ఎరుగ, పైన బొగ్గు ఎత్తుడు నా పని.

స్టేజీకి నాలుగు మూలల నాలుగు దుంగలు గావాలె. మీ నాయిన అన్నడు — "నేను తెస్త. ఎక్కడియని అడుగొద్దు."

కప్పు కూలకుంట దుంగలు నిలబెట్టుడే ఆయన పని గద. కర్రతోని కప్పును మూడు సార్లు కొట్టి, ఆగి, చెవి పెట్టి ఇనేది. "కప్పు మాట్లాడుతది రా కనకరాజు. గుల్లగ మోగిందా, ఉరుకు" అని నాతోని అనేది. తను నిలబెట్టిన ప్రతి దుంగ మీద రెండు గాట్లు పెట్టేది. గది ఆయన గుర్తు.

గణపతి నిలబెట్టే ముందటి రాత్రి మీ ఇంట్ల లొల్లి అయింది. మీ నాయిన "పోతున్న" అని తలుపు ధన్న కొట్టి ఎల్లిండు. తెల్లారి సూస్తే మైదానంల మూడు దుంగలున్నయ్. నాలుగోది లేదు. మీ నాయిన లేడు.

"పోతున్న పోతున్నన్నోడు పోనే పోయిండు" అన్నది మీ అమ్మ. ఏడ్వలే. అందరం గదే అనుకున్నం. మంచిర్యాల ఎల్లిపోయిండని.

నాలుగో మూలకు ఇటుకలు పేర్చి స్టేజీ లేపినం.

మొదటి రాత్రి భజన. తాళాల మోతల ఏం ఇనబడలే.

రెండో రాత్రి ఒగ్గుకథ. పిల్లని అడివిల ఇడిసిపెట్టే కాడ కథ జెప్పేటాయన గొంతు ఆపిండు. జనం అంత సల్లవడ్డది... గప్పుడు.

టక్... టక్... టక్.

పైపు లోపటి నుంచి.

ఆడోళ్లు పిల్లల్ని కొంగుల కప్పుకున్నరు. పాత బాయి మనుషులు ఒక్కొక్కరే లేసి ఇండ్లకు నడిసిండ్రు. రాజం తాత — కప్పు కూలిన నాడు బతికి బయటవడ్డ ముసలోడు — నా చెయ్యి వట్టుకున్నడు.

"జవాబియ్యకు."

"ఎవలు తాతా?"

"ఆ అయిదుగురే. ఆనాడు గూడ గిట్లనే కొట్టిండ్రు. మేం చేరలే." చెవుల కాడికొచ్చి గుసగుసగ అన్నడు — "జవాబిస్తే ఆశ వుడ్తది. ఆశ వుట్టిన దెయ్యం ఇడువది."

వయసుల ఉన్నోన్ని. భయం ఏడిది? మూడో రాత్రి కవ్వాలోళ్లు చాయ్ తాగుతుంటే ఇనుప సీల వట్టుకొని పైపు కాడికి పోయిన. కొట్టిన. మూడు.

కొంచెం సేపు ఏం లేదు.

టక్ టక్ టక్! ఎంబడెంబడే. ఉరికొచ్చినట్టు.

జనం ఒక్కటే కేకలు. రామకిషన్ మైకు తీస్కొచ్చి పైపు మూతికి పెట్టిండు. "సూడుండ్రి! ఇటు మన కనకరాజు, అటు గుడ్డి బాయి దెయ్యం! చాందాల గూడ దొరకదు గిసొంటి ఆట!" అన్నడు. ఒకడు ఎనక నుంచి అరిసిండు, "అరే దెయ్యమా, నీకు తమాషా పార్టీల నౌకరి ఇప్పిస్తం రావే!"

నాలుగో రాత్రి జనం పక్కూర్ల నుంచి వచ్చిండ్రు. దండారి పిల్లల నెమలీకలు ఎవ్వలు సూడలే. నేను మూడు కొడ్తే కింద నుంచి మూడు. పెద్ద స్పీకర్ల, లైన్లంత ఇనబడేటట్టు.

అయిదో రాత్రి మీ అమ్మ వచ్చింది. ఆడోళ్ల దిక్కు, కడుపు మీద చెయ్యి పెట్టుకొని కూసుంది. సప్పుడు వచ్చినప్పుడు రామకిషన్ ఏదో అన్నడు... మీ అమ్మ నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది, భీమా. ఆ వారంల ఆమె నవ్వింది గా ఒక్కసారే. నాకు సంబురమైంది. ఇంకా కొట్టిన.

ఆరో రాత్రి సప్పుడు సన్నగయింది. నడుమ నడుమ గ్యాప్ వస్తుండె.

ఏడో రాత్రి తెర గట్టిండ్రు. సినిమా మొదలు పెట్టకముందు ఆఖరి ఆట అన్నడు రామకిషన్. నేను కొట్టిన.

టక్...

జనం ఊపిరి వట్టుకున్నరు.

...టక్.

మూడోది కోసం ఆగినం. చానా సేపు ఆగినం.

"దెయ్యానికి నిద్రొచ్చింది, దీపాలు ఆర్పుండ్రి" అన్నడు రామకిషన్. అందరు నవ్విండ్రు. బొమ్మ పడ్డది.

తెల్లారి స్టేజీ ఇప్పుతుంటిమి. నేల మీద పడేసిన దుంగను పక్కకు దొర్లిచ్చిన. దాని తలకాయ మీద బొగ్గు నలుపు. నలుపు కింద... రెండు గాట్లు. పాత గాట్లు, ఏండ్ల కిందటియి.

రెండో దాని మీద రెండు. మూడో దాని మీద రెండు.

అడివిల దుంగలు గావు. గుడ్డి బాయి దుంగలు. బాయి నడిసిన కాలంల కప్పు కింద మీ నాయిన నిలబెట్టినయే, తనే పీక్కొచ్చిండు.

ఉరికిన. మూతి కాడ అడ్డం కట్టెలు రెండు ఊడి ఉన్నయ్. లోపల పది అడుగులకే మట్టి కూలి ఉంది — కొత్త మట్టి, తడిది. మట్టికి ఇవుతల ఒక జత చెప్పులు. పక్కపక్కన, ముద్దుగ ఇడిసినయ్. బాయిల దిగేటోడు ఎవడైనా ముందు చెప్పులిడిసి మొక్కుతడు గద. దొంగతనానికి పోయినా మొక్కే పోయిండు.

నా ఎనక రాజం తాత వచ్చి నిలవడ్డడు. చెప్పులు సూసిండు. వాటి కాడ కూసున్నడు.

"తాతా... కింద మూడు కొట్టినోనికి పైన మూడు కొడ్తే... ఏమన్నట్టు?"

చెప్పుల మీది మట్టి తుడిసిండు. మళ్ల అన్నడు —

"'ఇన్నం. వస్తున్నం. ఓపిక పట్టుకొని ఉండు.'"

అయిదు రాత్రులు నేను గా మాట జెప్పిన, భీమా. స్పీకర్ల జెప్పిన. అందుకే ఆయన కొట్టుడు ఆపలే. వస్తున్నరనుకుండు. అందరు ఇన్నరు, అందరు వస్తున్నరు అనుకుండు.

దెయ్యం గాదు. మీ నాయిన.

రాజం తాత నా నోరు మూసిండు. కప్పు ఏలాడుతుంది, దిగితే ఇంకో నలుగురు పోతరన్నడు. కడుపుతో ఉన్న పిల్ల ఈ మాట ఇంటే ఏమైతదన్నడు. తర్వాత జెప్దామనుకున్న. నువ్వు వుట్టినవ్. తర్వాత జెప్దామనుకున్న. గట్లనే అరవై ఏడేండ్లు గడిసినయ్. ఊరంత "లస్మవ్వ మొగడు ఇంకోదాన్ని చేస్కుండట" అంటే నేను పక్కింట్ల ఉండి, మీ అమ్మ పెట్టిన బువ్వ తినుకుంట ఇన్న.

మొన్న మంగళవారం నువ్వు గడ్‌చాందూర్ నుంచి వచ్చేటాలకే ఆడోళ్లు మీ అమ్మకు పసుపు రాసిండ్రు, పచ్చ గాజులు ఏసిండ్రు, ఇంత బొట్టు పెట్టిండ్రు. పుణ్యాత్మురాలు, ముత్తైదువగ పోతుందన్నరు. నేను గోడకు ఆనుకొని నిలవడ్డ.

నీకు జెప్పనిది ఇంకొకటి ఉంది.

అంతకు ముందటి రాత్రి దవఖానల ఆమె కాడ నేనొక్కన్నే ఉంటి. మాట పోయింది అప్పటికే. కండ్లు మూసుకొని ఉంది. ఏలుతోని మంచం ఇనుప పట్టె మీద కొట్టింది.

టక్... టక్... టక్.

ఆగింది. ఇంటున్నట్టు ఆగింది.

గా ముచ్చట ఆమెకు ఎవలు జెప్పిండ్రు? నేను జెప్పలే. రాజం తాత వొయి యాభై ఏండ్లయె. ఇన్నేండ్ల సంది తెలుసా? తెలిసే నాకు బువ్వ పెట్టిందా? లేకపోతే... కొట్టింది ఆమె గాదా, మీ నాయినా?

మళ్ల కొట్టింది. మూడు.

మీ నాయిన మిమ్మల్ని ఇడిసిపెట్టి పోలే, బిడ్డా. ఒక్క దుంగ కోసం పోయిండు.

నేను చెయ్యి సాపిన. ఇనుప మీద మూడు కొట్టిన. ఆమె ఏలు ఆగింది. మొఖం మీది ముడుత ఇప్పుకుంది.

ఈసారి అబద్ధం గాదు, భీమా. నాకు ఎనభై ఐదేండ్లు.

ఇన్న. వస్తున్న.