లేని పదహారు పేజీలు

పవర్‌హౌస్ బజార్లో సైకిలు షాపు మేడమీద పరబ్రహ్మంగారి గది. కింద రోజంతా పంక్చర్లు, పైన అప్పుడప్పుడూ కేసులు. రైల్వే క్లెయిముల శాఖలో ఇరవై రెండేళ్ళు సీళ్ళు తెగిన వ్యాగన్ల చుట్టూ తిరిగి, పై అధికారితో పడక ఉద్యోగం మానేసి, ఆయన ప్రైవేటు డిటెక్టివునని బోర్డు పెట్టుకున్నారు. శ్యామసుందర్ దుర్గ్ పక్కనే ఉన్న ఈ ఊరి స్టీలు ప్లాంటులో డ్రాఫ్ట్స్‌మన్. డ్యూటీ దిగితే తనకో ఇల్లుందన్న సంగతి మరిచిపోయి ఇక్కడికే వస్తాడు. గురువుగారు తుమ్మినా అందులో ఏదో సూక్ష్మం ఉందని నమ్మే మనిషి. ముప్పై రెండేళ్ళొచ్చినా ఆ నమ్మకం తగ్గలేదు.

1966 ఆగస్టులో ఒక మంగళవారం సాయంత్రం ఇరవై ఆరేళ్ళ అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి వెనక్కి ఒకసారి చూసుకుంది. చేతిలో అట్ట వేసిన పుస్తకం ఉంది.

"కూర్చో అమ్మా. ఎవరూ వెంట రాలేదు, నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను," అన్నారు పరబ్రహ్మం.

ఆమె పేరు అహల్య. చరోదాలో ఒక చిన్న ప్రైవేటు బడిలో టీచరు. తల్లి అప్పయమ్మతో కలిసి రైల్వే కాలనీ పక్కనే ఉంటోంది.

"నెలాఖరుతో మానెయ్యమన్నారండి. నా క్లాసులో పద్దెనిమిది మంది పిల్లలు రావడం లేదు. కారణం ఇది," అని పుస్తకం బల్లమీద పెట్టింది.

'వాల్తేరు లైను హంతకుడు'. రాసింది భుజంగరావు అనే రిటైర్డు పోలీసు ఇన్‌స్పెక్టరు. 1952లో వాల్తేరు, రాయపూరుల మధ్య రైళ్ళలో నలుగురు ప్రయాణికులు ఉమ్మెత్త గింజల విషంతో చనిపోయారు. ఒంటిమీద బంగారం, పెట్టెలు మాయమయ్యాయి. హంతకుడు దొరకలేదు. రాయగడ స్టేషన్లో టీ, వడలు అమ్మే జగ్గయ్య నాలుగో హత్య జరిగిన రోజే కనిపించకుండా పోయాడు కాబట్టి అతనే చంపి పారిపోయాడని పుస్తకం తేల్చింది.

"జగ్గయ్య మా నాన్న," అంది అహల్య.

శ్యామసుందర్ పెన్సిలు ఆగిపోయింది. పరబ్రహ్మం మాత్రం పుస్తకం చివర అతికించిన కాగితం తెరిచారు. ప్లాంటు క్వార్టర్లుండే సెక్టారులోని తెలుగు గ్రంథాలయంలో అదొక ఆచారం. చదివినవాళ్ళు ఆ కాగితం మీద రెండు ముక్కలు అభిప్రాయం రాసి సంతకం పెట్టాలి. రాయందే లైబ్రేరియన్ గురునాథరావు రెండో పుస్తకం ఇవ్వడు. పగలు ప్లాంటు టైమాఫీసులో గుమాస్తా, సాయంత్రం అక్కడ సరస్వతికి కాపలాదారు. రూలు పెట్టినవాడు కనుక ప్రతి పుస్తకానికీ మొదటి అభిప్రాయం తనే రాసేవాడు.

కాగితం మీద ఇలా ఉంది.

'విజ్ఞానదాయకం. ఏకాదశి ఒక్కపొద్దులో ఉన్న పెద్దాయన చేత పాలు తాగించిన ఘట్టం హృదయవిదారకం. చివరి అధ్యాయంలో ఉపదేశాలు తగ్గించవలసింది. - గురునాథరావు.'

'ఇలాంటోణ్ణి ఉరి తీయాలి. పుస్తకం ఫస్ట్ క్లాస్. - బంగార్రాజు, హథ్‌ఖోజ్.'

'అసలు నాలుగో ఖూనీ కాడికొచ్చేసరికి పదహారు పేజీల్లేవు. కొట్టువాడి దగ్గిర డబ్బులు వాపసు అడగాలి. - అప్పలసూరి, గూడ్స్ గార్డు.'

దాని కింద, ఎడంచేత్తో రాసినట్టు వంకరటింకర అక్షరాలు, సంతకం లేకుండా: 'ఈ హంతకుడి కూతురు అహల్య చరోదాలో మీ పిల్లలకే చదువు చెబుతోంది. తల్లిదండ్రులారా, గమనించండి.'

చివరిది ఒక ఇంజనీరుగారి భార్యది: 'తొంభై ఆరు తర్వాత నూట పదమూడో పేజీ! ఎంత నిర్లక్ష్యం! పైన ఎవరో రాసిన రాత అంతకన్నా నీచం. - మీనాక్షి.'

"ఇది రాసింది ఎవరో తెలియాలండి. నిప్పు లేందే పొగ రాదు అంటున్నారు మా హెడ్మాస్టరు. నిప్పు నాన్న పెట్టింది కాదని నాకు నమ్మకం. చిన్నప్పుడు చీమని నలిపినా కేకలేసేవాడు."

"మీ నాన్న పేరు ఇక్కడ ఎవరికి తెలుసు?"

"ఎవరికీ చెప్పలేదు. కాగితాల మీద రాయాల్సిన చోట మాత్రం దాచలేదు. బడి దరఖాస్తులో రాశాను. లైబ్రరీ మెంబరు ఫారంలో రాశాను. అంతే."

"ఈ పుస్తకం గురించి ముందెప్పుడైనా ఎవరినైనా అడిగావా?"

"పుస్తకం లైబ్రరీకి వచ్చిన వారమే గురునాథరావుగారిని అడిగానండి, రచయిత అడ్రసు కావాలని. నాన్న సంగతి ఆయనకి రాద్దామని. కనుక్కుని చెప్తానన్నారు. మళ్ళీ చెప్పలేదు."

ఆమె వెళ్ళాక ఇద్దరూ పుస్తకం ముందేసుకున్నారు. శ్యామసుందర్ తొంభై ఆరో పేజీ దగ్గర విసుక్కున్నాడు. మూడో శవపంచాయతీ మధ్యలో తెగిపోయి, నూట పదమూడులో 'నాలుగో హత్య జరిగాక' అంటూ మొదలైంది. ఆ నాలుగో మనిషి ఎవరో, ఎలా పోయాడో ఇంకెక్కడా లేదు.

"ఈ పేజీలు చదవకుండా ఏం తేలుతుంది గురువుగారూ?"

"అవి లేకపోవడమే మన అదృష్టమేమో," అన్నారు పరబ్రహ్మం. ఆ రాత్రే, రైల్వే రోజుల నాటి తన అడ్రసుల పుస్తకం వెతికి, విజయనగరంలోని రచయితకు ఉత్తరం రాసి, పొద్దున్నే పోస్టులో వేయమని శ్యామసుందర్‌కిచ్చారు.

మర్నాడు చరోదా యార్డులో అప్పలసూరిని పట్టుకున్నారు. ఊళ్ళో అందరి అనుమానమూ అతని మీదే. అహల్య అతని కొడుకుని నాలుగో క్లాసులో తప్పించింది. ఆ సంగతి మీద బడి ముందే పెద్ద గొడవ పడ్డాడు.

"తిట్టేను బాబూ, లేదంటానేటి? మొహంమీదే తిట్టేను. సాటుగా రాసే ఖర్మ నాకేటి?"

"పుస్తకం ఎప్పుడు తిరిగిచ్చావు?"

"రెండు వారాలయింది బాబూ, బుధవారం. అప్పుడా ఎడంచేతి రాత లేదు. ఆ సాయంత్రమే ఇంకో పుస్తకం అట్టుకెళ్ళేను."

బంగార్రాజుది హథ్‌ఖోజ్‌లో లేతు మిషన్ల షెడ్డు. అడగ్గానే తల గోక్కున్నాడు.

"అరే సాబ్, మీ దగ్గర దాపరికమేటి? నేను చదవలేదు. ఇంటావిడ సీరియల్ కథ రెండో భాగం కావాలంది. అభిప్రాయం రాయకపోతే గురునాథరావుగారు ఇవ్వరాయె."

"పేజీలు లేవని తెలుసా?"

"ఉన్నవే చదవలేదు, లేనివేటి తెలుస్తాయి?"

శ్యామసుందర్ నవ్వు ఆపుకోలేక బయటికొచ్చాడు. పరబ్రహ్మం నవ్వలేదు.

మీనాక్షిగారు ఆ శనివారం పుస్తకం తీసుకున్నారు. తీసుకునేటప్పటికే ఆ రాత ఉంది. బుధవారానికీ శనివారానికీ మధ్య పుస్తకం ఎక్కడుంది? గ్రంథాలయం బీరువాలో. అదే అడిగితే గురునాథరావు కళ్ళజోడు తుడుచుకుంటూ మర్యాదగా జవాబిచ్చాడు.

"ఆ అప్పలసూరి తిరిగిచ్చాడు, నేను బీరువాలో పడేశాను. లోపల ఏం రాశాడో చూడలేదండి. అతనిదే అయ్యుంటుంది. పాపం ఆ అమ్మాయి."

బయటికి రాగానే శ్యామసుందర్, "అయితే అప్పలసూరే అబద్ధమాడాడు," అన్నాడు.

"నువ్వు గీతలు బాగా గీస్తావోయ్," అన్నారు గురువుగారు, "మనుషుల మాటలు మాత్రం కాస్త నెమ్మదిగా విను."

రచయిత ఉత్తరం రాయలేదు, తనే రైలెక్కి వచ్చేశాడు. ఆదివారం ఉదయం పది గంటలకి గ్రంథాలయంలో అందరూ కూర్చున్నారు. అహల్య, ఆమె హెడ్మాస్టరు, అప్పలసూరి, బంగార్రాజు, మీనాక్షి, బల్ల వెనక తన కుర్చీలో గురునాథరావు. వెనక బెంచీ మీద భుజంగరావు, ఆయన పక్కన దుర్గ్ నుంచి వచ్చిన పోలీసు సబ్‌ఇన్‌స్పెక్టరు. సెలవు రోజున పిలిచినందుకు బంగార్రాజు గొణుక్కుంటున్నాడు.

పరబ్రహ్మం నిలబడే మొదలుపెట్టారు.

"ముందు చిన్న నేరం. ఆ ఎడంచేతి రాత. గురునాథరావుగారూ, అభిప్రాయం లేందే మీరు రెండో పుస్తకం ఇవ్వరు కదా?"

"ఇవ్వనండి. అందరికీ ఒకటే రూలు."

"ఆ బుధవారం అప్పలసూరికి ఇచ్చారు. అంటే అతను రాశాడా లేదా అని కాగితం తెరిచి చూశారన్నమాట. మాతో మాత్రం చూడలేదన్నారు."

అప్పలసూరి కుర్చీలో కాస్త నిటారుగా కూర్చున్నాడు.

"ఆ మూడు రోజులూ పుస్తకం మీ తాళం కింద ఉంది. అహల్య తండ్రి పేరున్న ఫారం మీ సొరుగులో ఉంది. రచయిత అడ్రసు ఆవిడ అడిగింది మిమ్మల్నే. ఇంటిదొంగని ఈశ్వరుడు పట్టలేడంటారు గాని, రూళ్ళు పెట్టుకున్న దొంగని పట్టడం తేలిక. ఇక పెద్ద నేరం. మీనాక్షిగారూ, నాలుగో మనిషి ఎలా పోయాడు?"

"ఎలా చెప్పగలను? పేజీలే లేవు."

"అప్పలసూరీ?"

"అదే కదా బాబూ నా ఏడుపు."

"చదివినవాళ్ళందరికీ అక్కడ గొయ్యి తగిలింది. ఇద్దరికే తగల్లేదు. బంగార్రాజుగారు ఆ దారిన నడవనే లేదు." బంగార్రాజు చూపు నేలకి దిగింది. "గురునాథరావుగారు చివరి అధ్యాయం దాకా చదివి, ఉపదేశాలు ఎక్కువన్నారు. అయినా పదహారు పేజీలు లేవని తెలుసుకోలేదు. పైగా ఉన్న పేజీల్లో ఎక్కడా లేని ఏకాదశి ముచ్చట రాశారు. ఎక్కడ చదివారండీ?"

"వేరే ప్రతిలో. స్నేహితుడి దగ్గర."

వెనక బెంచీ మీంచి భుజంగరావు లేచాడు. "వేరే ప్రతి లేదు. ఆ పదహారు పేజీల రాతప్రతి ప్రెస్సులోనే పోయింది. పండక్కి పుస్తకం రావాలని పబ్లిషరు ఆ పేజీలు లేకుండానే కుట్టించేశాడు. వెయ్యి ప్రతుల్లోనూ లేదు."

"అప్పట్లో పేపర్లో..." అన్నాడు గురునాథరావు.

"పేపర్లకి నేనివ్వలేదు. ఆయన ఒక్కపొద్దున్న సంగతి భార్యకి తెలుసు, ఆవిడ నాకు చెప్పింది. పాలు తాగిన సంగతి డాక్టరు చెప్పాడు. నేను కాక ఈ రెండూ తెలిసినవాడు ఒక్కడే ఉండాలి, ఆ పాలు ఇచ్చినవాడు."

పరబ్రహ్మం గొంతు అదే తీరులో సాగింది.

"ఏకాదశి నాడు నీళ్ళు కూడా ఆలోచించి తాగే నిష్ఠాపరుడు ప్లాట్‌ఫారం మీద వడలమ్మేవాడి చేతి పాలు తాగుతాడా? తాగడు. రైలుపెట్టెలో ఎదురుగా కూర్చుని, విభూతి పెట్టుకుని, ఇంటినుంచి తెచ్చానని చెంబు అందించిన పెద్దమనిషి చేతివైతే తాగుతాడు. అహల్య ఉత్తరంతో పాత కేసు మళ్ళీ తెరుచుకుంటుందని భయపడి, ఆమెని ఊళ్ళోంచి తరిమేయాలని ఎడంచేత్తో రాసిందీ ఆ పెద్దమనిషే. ఇన్‌స్పెక్టరుగారూ, ఇది మీరు అప్పుడే ఆలోచించాల్సింది."

"ఆలోచించలేదు. మనిషి పారిపోయాడు, కేసు మూసేశాను. అది నా తప్పు," అన్నాడు భుజంగరావు. "కాని ఆ చెంబు మాకు దొరికింది. దానిమీది వేలిముద్రలు ఇంకా ఫైల్లో ఉన్నాయి."

గురునాథరావు బల్లమీద ఉన్న చేతులు మెల్లిగా ఒళ్ళోకి తీసుకున్నాడు. అది అందరూ చూశారు. సబ్‌ఇన్‌స్పెక్టరు వచ్చి అతని కుర్చీ వెనక నిలబడ్డాడు.

శ్యామసుందర్ నాలుగేళ్ళుగా ఈ మనిషి చేతిమీదుగానే పుస్తకాలు తీసుకున్నాడు. ఒకసారి తనకి జ్వరమొస్తే ఆ మనిషే ఇంటికి తెచ్చి ఇచ్చాడు కూడా. అంతటి పెద్దమనిషితనం చూసి మురిసిపోయిన తనమీద తనకే అసహ్యం వేసింది.

అప్పుడు అహల్య లేచి బల్ల దగ్గరికి వెళ్ళింది.

"మా నాన్న ఎక్కడున్నాడు?"

గురునాథరావు లైబ్రరీలో ఎప్పుడూ మాట్లాడినట్టే గొంతు తగ్గించి జవాబిచ్చాడు.

"నేను చెంబు ఇవ్వడం కిటికీలోంచి చూశాడు. తర్వాత పెద్దాయన ఒరిగిపోవడం చూసి కేకలేస్తూ కదిలే బండి ఎక్కాడు. తలుపు దగ్గరే తోసేశాను... నాగావళి వంతెన మీద."

అహల్య బల్ల అంచు పట్టుకుంది. ఏడవలేదు.

"పారిపోలేదన్నమాట," అంది.

"లేదు."

గురునాథరావుని జీపెక్కించారు. హెడ్మాస్టరు దగ్గరికొచ్చి, ఇక బడి మానెయ్యక్కర్లేదని, పిల్లల ఇళ్ళకి తనే వెళ్ళి చెబుతానని రెండుసార్లు అన్నాడు. ఆమె సరేనంది. అప్పలసూరి తన సైకిలు మీద దింపుతానన్నాడు. ఆమె నడుస్తానంటే, శ్యామసుందర్ రోడ్డు దాకా తోడు వెళ్ళాడు.

ఏదైనా అనాలి గనుక అతను, "మీ అమ్మగారికి ఇవాళ పండగే," అన్నాడు. అన్నాక తన నోరు తనకే చేదుగా తోచింది.

అహల్య ఆగింది.

"పద్నాలుగేళ్ళుగా అమ్మ పొద్దున్నే లేచి తలంటుకున్నా లేకపోయినా బొట్టు మాత్రం మానలేదండి. హంతకుడి పెళ్ళానివి, పారిపోయినవాడి పెళ్ళానివి అని ఎవరేమన్నా, ఎక్కడో బతికున్నాడు కదా అనేది."

బజారు మీదుగా ప్లాంటు సైరన్ మోగి ఆగింది. ఆమె కొంగు భుజంమీదికి లాక్కుంది.

"నాన్న ఎవర్నీ చంపలేదని ఇవాళ చెప్తాను. ఒక్కరోజైనా ఆ బొట్టుతో సంతోషంగా ఉండనీ. రెండోది రేపు చెప్తాను."