మూడు సాళ్ల కంది, ఒక శాంతి బహుమతి

"ఇయ్యాల్సిందే!" అన్నాడు మహిధర్.

"ఎందుకియ్యాలె?" అంది ఎదురు సీటులోంచి ఒక గొంతు.

అప్పటిదాకా అతను ఫోనులో వార్త చదువుతున్నాడు. సముద్రాలకవతల ఒక పెద్ద దేశాన్నేలే నాయకుడు, యుద్ధాలు ఆపింది తానేనని, ప్రపంచ శాంతి బహుమతి తనకే రావాలని రోజూ మైకు ముందు చెప్పుకుంటున్నాడట. పొద్దున్నే తాండూరులో కదిలే ప్యాసింజరు బండిలో ఆ వారమంతా అదే ముచ్చట. కంది ధర, నాపరాళ్ల లారీలు, కోడళ్ల కాన్పులు అన్నీ పక్కకు జరిగి ఆ పెద్దమనిషికి జాగా ఇచ్చాయి.

మహిధర్ తలెత్తాడు. నల్లకోటు మడిచి ఒళ్లో పెట్టుకున్న అమ్మాయి. చూపు చూస్తే ఇప్పుడే సమన్లు చేతికిచ్చేలా ఉంది.

"యుద్ధం ఆగిందా లేదా? ఆగింది గదా! ఆపినోనికి ఇయ్యాలె. గంతే."

"ఆపిన అని ఎవరు చెప్తున్నరు?"

"ఆయననే."

"గదే నేనడిగేది. కొట్లాడినోళ్లు చెప్పాలె, ఈయన వల్లనే ఆగినమని. పెండ్లిల వంట మస్తుగైందని వంటాయననే చెప్పుకుంటే నమ్ముతవా?"

పెట్టె మొత్తం గొల్లున నవ్వింది.

ఆ పెట్టెలో ఒక ఆచారముంది. వాదులాట మొదలైతే ధారూరు స్టేషను దాటేలోపు తేలిపోవాలి. తీర్పు సీతాఫలాల గంపతో ఎక్కే భీమమ్మది. ఓడినవాళ్లు సీటు వదిలి వికారాబాద్ దాకా నిలబడాలి.

భీమమ్మ గంప మీది గుడ్డ సర్దుకుంటూ తీర్పు చెప్పింది.

"ఆయనెవరో నాకు తెల్వదు బిడ్డా. గాని నా మొగడు గూడ తాగొచ్చి లొల్లి చేసి, పొద్దుగాల లేవంగనే 'రాత్రి లొల్లి నేనే బంద్ జేసిన' అంటుండె. పిల్ల గెలిచింది. లే కొడుకా!"

మహిధర్ లేచాడు. ఆ అమ్మాయి తన నల్లకోటును అతని సీట్లో కూర్చోబెట్టింది.

"మనిషి లేస్తే కోటు కూసుంటదా?" అన్నాడు.

"దానికి కిటికీ పక్క సీటంటే ఇష్టం."

ఆమె పేరు అమూల్య. వికారాబాద్ కోర్టులో ఒక సీనియర్ వకీలు దగ్గర జూనియర్. అతని సొంతూరు దోమ, ఉండేది తాండూరులో. లైసెన్సు సర్వేయర్. ఊళ్లల్లో హద్దులు కొలిచిపెట్టే పని.

మర్నాటి నుంచి మహిధర్ ఆ నాయకుడి తరఫున కొత్త కొత్త పాయింట్లు తయారు చేసుకొని వచ్చేవాడు. కష్టపడి తయారై, కష్టపడి ఓడిపోయేవాడు. నిలబడితేనే గదా ఆమె ముఖం మంచిగా కనబడేది! ఈ సంగతి రెండో రోజే కనిపెట్టిన భీమమ్మ, మూడో రోజు నుంచి వాదన వినకుండానే "లే కొడుకా" అనడం మొదలుపెట్టింది.

ఒకరోజు పొద్దున వికారాబాద్‌లో దిగేసరికి వాన దంచికొడుతోంది. ఇద్దరూ ప్లాట్‌ఫారం రేకుల కింద ఇరుక్కున్నారు. అమూల్య కోటును తల మీద కప్పుకుంది. మహిధర్‌కు కప్పుకోవడానికి ఏమీ లేదు, దానికి ఫికరూ లేదు.

"నిజం చెప్పు. ఆయనకియ్యాలనే ఉందా నీకు?"

"ఎట్లాపిండో ఎవనికి గావాలె అమూల్యా? నేను రోజు హద్దుల కాడ చూస్తనే ఉన్న. ఇటోనికొక అబద్ధం, అటోనికొక అబద్ధం చెప్తే కట్టెలు కింద పడేసి చాయ్ తాగుతరు."

"అబద్ధం మీద ఆగింది ఎన్నొద్దులుంటది?"

"మీ వకీళ్లకు కొట్లాట ఆగుడే ఇష్టముండదు తియ్యి."

అమూల్య నవ్వలేదు. వానలోకి చూస్తూ అంది.

"అయితే మా ఇంట్ల యుద్ధం ఆపు. చూస్త నీ తెలివి."

అమూల్య తల్లికి పుట్టింటివాళ్లు ఇచ్చిన రెండెకరాలు బంట్వారంలో ఉన్నాయి. పక్కనే మేనమామ మొగులప్ప చేను. ట్రాక్టరు దున్నుడులో హద్దురాయి లేచిపోయింది. నడుమనున్న మూడు సాళ్లు మావంటే మావని అమూల్య తండ్రి వెంకటేశం, మొగులప్ప మాట్లాడుకోవడం మానేసి మూడేళ్లు. ఇన్నేళ్లుగా ఆమె తల్లి తమ్ముడికి రాఖీ కట్టలేదు.

"గది సరే. నా సంగతేంది? గంపల కూసోబెట్టి పెండ్లిపీటల మీదికి తీస్కపోయేది మేనమామనే గదా. మామ రానిది నా పెండ్లి మాటే ఎత్తనని నాయిన ఒట్టు పెట్టుకున్నడు. పిలువనిది రానని మామ. ఇద్దరి నడుమ నేను."

మహిధర్‌కు వాన చప్పుడు వినిపించడం ఆగిపోయింది.

"వారం టైమియ్యి," అన్నాడు.

"ఒక్క షరతు. అబద్ధమాడొద్దు."

అతను తలూపాడు. ఆడొద్దంటే సరేనన్నట్టా, విన్నానన్నట్టా అన్నది ఆ తల ఊపులో తేల్చుకోవడం కష్టం.

ముందు తాండూరులో వెంకటేశం ఎరువుల దుకాణానికి పోయాడు. "మీ బామ్మర్ది చేను కొలిపిస్తుండు సార్. 'మా బావ ఏడ చూపెడితే ఆడ రాయి పాతు' అన్నడు. రాఖీ నాడు ఏడ్చిండట పాపం."

తర్వాత బంట్వారం పోయి మొగులప్పకు చెప్పాడు. "ఆ మూడు సాళ్లు మీ బావ మీకే ఇయ్యమన్నడు. మీతోటి మాట లేదని పండుగ పూట బువ్వ గూడ తింటలేడట."

అక్కడ ఆయనా, ఇక్కడ ఈయనా గొంతు సవరించుకున్నారు. చివరికి ఇద్దరూ ఒకటే మాటన్నారు: "నువ్వు జర ఆగు. రాయి నేనే పాత్త."

శనివారం పొద్దున బండిలో మహిధర్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"భీమమ్మా, ఇయ్యాల నేను గెలుస్త! మూడేండ్ల యుద్ధం ఆపిన. ఒక్కనే ఆపిన. బహుమతి నాకియ్యాలె!"

పెట్టె చప్పట్లు కొట్టింది. అమూల్య కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె లేచి, మొదటిసారి తన సీటు అతనికిచ్చింది. అతనింకా కూర్చోకముందే ఆమె ఫోను మోగింది.

"నాయినా?... ఏంది?... మామ కట్టె పట్టుకున్నడా?... దానమా? ఎవరికి దానం?"

ఆ ఫోను పెట్టేసేలోపే మొగులప్ప ఫోను.

సంగతి ఇది. ఆ పొద్దున్నే వెంకటేశం తాండూరు నుంచి నాపరాయి ఒకటి తెచ్చి, మూడు సాళ్లూ బామ్మర్దికి వదిలేసి, తన చేను లోపలికి జరిగి పాతాడు. అదే పొద్దున మొగులప్ప కూడా మూడు సాళ్లూ బావకు వదిలేసి తన చేను లోపలికి జరిగి రాయి పాతాడు. నిలువెత్తు కందిలో ఒకరికొకరు కనబడలేదు. తీరా గట్టెక్కి చూస్తే రెండు రాళ్లు. నడుమ పూత మీదున్న మూడు సాళ్ల కంది ఎవరిదీ కాకుండా పోయింది.

"నాకు బిచ్చమేస్తున్నవా బావా?"

"నువ్వే గదా నాకిస్తనన్నవట!"

"నేనెప్పుడన్న? నువ్వే అన్నవట!"

అమూల్య ఫోను దించి మహిధర్ వైపు చూసింది.

"అబద్ధమాడినవా?"

"రెండే. చిన్నయి."

"ఇన్నాళ్లు ఆ బహుమతాయన దిక్కు మాట్లాడుతుంటే నవ్వులాటకనుకున్న. నిజంగనే నువ్వు ఆయన లెక్కనే ఉన్నవ్."

వికారాబాద్‌లో దిగి చరచరా నడిచింది. మహిధర్ వెంటపడ్డాడు.

"నా దోస్తు బైకుంది ఈడ. ఎక్కు. బంట్వారం పోదాం."

"పోయి? ఇంకో రెండు చెప్తవా?"

"లేదు. ఒప్పుకుంట. కట్టె నా మీద పడ్డా సరే."

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "కట్టె పడితె చూడాలని ఉంది," అని బండెక్కింది. దారి పొడుగునా మాట్లాడలేదు. కానీ గుంతలు వచ్చినప్పుడల్లా అతని భుజం పట్టుకుంది. కోపమూ గుంతలూ వేరు వేరు సంగతులు.

చేలో బావాబామ్మర్దులు చెరో రాయి పక్కన కాపలా కాస్తున్నట్టు నిలబడి ఉన్నారు. మహిధర్ సరిగ్గా నడుమ, ఎవరిదీ కాని కందిలో నిలబడ్డాడు.

"తప్పు నాది. మీరిద్దరు ఒక్క మాటనలే. అన్ని నేనే కల్పించిన."

మొగులప్పకు అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"బావా! వీడు మనల్ని జోడెద్దుల లెక్క తోలిండే!"

"అవు బామ్మర్ది! రాఖీ నాడు నువ్వు ఏడ్చినవన్నడు నాతోటి!"

"నేనేడ్సుడేంది? నువ్వు పండుగ పూట బువ్వ తింటలేవన్నడు నాతోటి!"

ఇద్దరూ మూడేళ్లలో మొదటిసారి ఒకే పక్షాన నిలబడి ఒకే మనిషిని తిట్టారు. పావుగంట తిట్టారు. ఒకరికి తిట్టు దొరక్కపోతే ఇంకొకరు అందించారు. తర్వాత అలసిపోయి గట్టు మీద పక్కపక్కనే కూర్చున్నారు.

"బువ్వ సంగతి..." అన్నాడు వెంకటేశం నేల చూస్తూ, "అది అబద్ధం గాదు. మీ అక్క విస్తరేస్తది. నీ జాగా ఖాళీగుంటది. తినబుద్ధి గాదు."

మొగులప్ప రుమాలు తీసి ముఖమంతా తుడుచుకున్నాడు.

"ఏడ్సిన బావా. ఎడ్లకొట్టంల. ఎవరు చూడలే."

కొంచెం దూరంలో అమూల్య మహిధర్ పక్కకు వచ్చి నిలబడింది.

"అంటే నేను చెప్పినయి నిజాలే గదా?" అన్నాడతను ఆశగా.

"అబద్ధమనుకొనే చెప్పినవ్ గదా. నేరం నిలబడ్తది."

"శిక్ష?"

"నిజమనుకునేది ఒక్కటి చెప్పు. అట్లనో ఇట్లనో అనకుండ."

మహిధర్ గొంతులో ఉన్న పాయింట్లన్నీ ఎటో పోయాయి.

"మీ మామ గంప ఎత్తాలె. నువ్వు దాంట్ల కూసోవాలె. పీటల మీద నేనుండాలె. ఇదంత గందుకే చేసిన."

అమూల్య కందిపూత ఒకటి తుంపి, దాన్నే చూస్తూ ఉండిపోయింది. చెంపలు మాత్రం జవాబు దాచలేకపోయాయి.

"బావా," అన్నాడు మొగులప్ప, "ఈ నడుమ మూడు సాళ్లు ఏం చేద్దాం? నాకొద్దు."

"నాకు మాత్రం ఎందుకు? పిల్లకిద్దాం."

"పిల్లకిస్తే..." మొగులప్ప తలతిప్పి చూశాడు. కందిలో ఇద్దరూ అవసరానికి మించి దగ్గరగా నిలబడి ఉన్నారు. బావను మోచేత్తో పొడిచాడు. వెంకటేశం కూడా చూశాడు. చూసి, వకీలు బిడ్డ తండ్రిలా గొంతు పెంచాడు.

"ఏ ఊరురా నీది?"

"దోమ సార్."

"అమ్మ నాయిన ఉన్నరా?"

"ఉన్నరు సార్."

"వచ్చే ఐతారం వాళ్లనే రమ్మను. నువ్వు మాట్లాడొద్దు."

"నీ దగ్గర టేపుందా?" అన్నాడు మొగులప్ప. "ఉంటే ఈ మూడు సాళ్లు కొలువు. నోరు మూసుకోని కొలువు."

మహిధర్ సంచిలోంచి టేపు తీశాడు. రెండో కొస అమూల్య అందుకొని, కందిని పక్కకు తప్పిస్తూ అవతలి రాయి దాకా నడిచింది.

"గుంజి పట్టు. జారితె లెక్క తప్పుతది," అని అరిచాడు.

"నువ్వు గుంజు," అంది కందిపూత పైనుంచి ఆమె గొంతు. "నేనైతే వదల."