ఉతికిన చొక్కా

ఆయన పోయిన రోజు పొద్దున ఆమె ఆయన చొక్కా ఉతికింది.

లాండ్రీ నడిపే ఇల్లు అది. ముందు దుకాణం, వెనక కాపురం. దుకాణం ఖాళీ చెయ్యమని వచ్చిన యజమాని కొడుకు, ఆయన్ని చొక్కా పట్టుకు లాగి గోడకేసి కొట్టాడు. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి ఆమె అంతా చూసింది. ఆయన లేచి, తన కాళ్ళ మీదే లోపలికి వచ్చాడు. "ఏం కాలేదులే. మరక గట్టిపడకముందే చన్నీళ్ళలో వెయ్యి" అంటూ చొక్కా విప్పి ఇచ్చాడు. ఆమె వేసింది. రంగు పోయేదాకా జాడించి ఆరేసింది. మధ్యాహ్నానికి ఆయన ఆస్పత్రిలో కన్ను మూశాడు.

"రక్తం చొక్కా ఉతికేశావా అమ్మా?" అని ఆ సాయంత్రం కూతురు అడిగింది. ఆ తర్వాత తల్లి ముఖం సరిగా చూడలేదు.

ఇప్పుడు సాక్ష్యం చెప్పే రోజు దగ్గరపడింది. మరిది పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు.

"వదినా, ఆ చొక్కాతోనే కేసు కొట్టుకుపోయింది. బోనెక్కితే వాళ్ళ వకీలు నిన్ను ఉతికి ఆరేస్తాడు. చూడలేదని చెప్పెయ్. కేసు వెనక్కి తీసుకుందాం."

"వెనక్కి తీసుకోవడానికి అది మనం అరువిచ్చిన గొడుగా, బాబాయ్?" అంది కూతురు. "మనిషి పోయిన కేసు. నడిపేది ప్రభుత్వం. మనం సాక్షులం, అంతే."

"చాల్లేవే లాయరమ్మా! రేపు దుకాణం పోతే ఎక్కడుంటారు?"

కూతురు తల్లి వైపు తిరిగింది. "చూసింది చూసినట్టు చెప్పమ్మా. చొక్కా సంగతి అడిగితే మాత్రం ఆస్పత్రిలో పోయిందను."

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

"మీ ఇద్దరికీ తేడా ఏముంది? చూసింది చూడలేదనమని మీ బాబాయ్, ఉతికింది ఉతకలేదనమని నువ్వు. ఉతికాననే చెప్తా. ఎందుకని అడిగితే, మా ఆయన ఉతకమన్నాడని చెప్తా. నాతో ఆయన ఆఖరున అన్న మాట అది. కొట్టినవాణ్ణి వేలు పెట్టి చూపిస్తా. నమ్మడం, నమ్మకపోవడం జడ్జిగారి పని."

"మరకే లేకపోతే ఎవరు నమ్ముతారు వదినా?"

"నా కళ్ళు ఉతకలేదుగా మరిదీ!"

కూతురు తల్లి దగ్గరికొచ్చింది. "నాన్నే వెయ్యమన్నాడా? నాకెందుకు చెప్పలేదు?"

"పోయినాయన మీదికి నెట్టాలనిపించలేదమ్మా. కోర్టులో ప్రమాణం చేశాక మాత్రం దాచను."

కూతురు తల్లి భుజం మీద తల వాల్చి చాలాసేపు ఏడ్చింది. తర్వాత బీరువా తీసి చొక్కా కిందికి దించింది. తెల్లగా ఉంది. కాలరు కింద మాత్రం బట్ట చీలి, గుండీ ఊడి, దారం వేలాడుతోంది.

"అమ్మా, వాడు లాగింది ఇక్కడేగా? ఇది అట్లాగే ఉంది. మన వైపు వకీలుగారికి చూపిద్దాం. పనికొస్తుందో లేదో ఆయన చెప్తాడు."

మరిది లేచి చెప్పులు వేసుకున్నాడు. గుమ్మం దాటబోతూ, వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"కోర్టుకి ఎన్నింటికి బయల్దేరాలి వదినా? ఆటో మాట్లాడతాను."

గుండీ లేని బట్ట ఆ ఇంటి నుంచి ఎన్నడూ బయటికి పోలేదు. ఈ చొక్కాకి గుండీ ఇంకా కుట్టలేదు.