రాహేలమ్మ రేవు

వేమూరు దాటాక కాలవగట్టున ఉన్న రాహేలమ్మ రేవుకి చెడ్డపేరుంది. చీకటి పడితే అటు ఎవరూ వెళ్ళరు. ఏటా ఒక రాత్రి నీళ్ళ పక్కన దీపం వెలుగుతుందని, దాని దగ్గర తెల్లచీర కదులుతుందని చెప్పుకుంటారు. చూసిందెవరని అడక్కండి, అందరూ పక్కవాణ్ణి చూపిస్తారు.

మా సన్నీ మాస్టారు మాత్రం నిజంగా చూశాడు. ఆయన చెప్పిందే చెప్తున్నాను.

మా చర్చి పెట్టి నూరేళ్ళయిందని, చుట్టుపక్కల పాత పేర్లు, వాటి కథలు పోగుచేసి పుస్తకం రాసే పని ఆయనకి అప్పగించారు. రాహేలమ్మ కథ ఆమె కూతురు కమలమ్మే చెప్పింది. నాట్లకెళ్ళి వస్తూ తల్లి ఆ రేవులో కొట్టుకుపోయింది. శవం కూడా దొరకలేదు. "అమ్మ పేరు పోనివ్వనండి, బోర్డు కూడా పెట్టిస్తాను" అని మాస్టారు మాటిచ్చాడు.

సంఘపెద్దలు ఒప్పుకోలేదు. "దెయ్యం పేరు చర్చి పుస్తకంలో ఏంటి మాస్టారూ?" అన్నారు. ఆయన ఆ పేరు కొట్టేసి, కృపా రేవు అని రాసిచ్చాడు. బోర్డు కూడా అదే పేరుతో లేచింది. ఆ రోజు నుంచీ అన్నం సహించలేదంటాడు... అయినా మార్పించలేదు!

సమాధుల పండుగ వచ్చింది. పొద్దుగూకేసరికి మా పేటంతా కొవ్వొత్తులతో శ్మశానానికి వెళ్ళింది. తెనాలిలో ఆలస్యమైన మాస్టారు, దగ్గర దారి కదా అని బండి గట్టెక్కించాడు. రేవు దగ్గరికొచ్చేసరికి—

దీపం. పక్కన... తెల్లచీర.

బండి ఆపేశాడు. తను చెరిపేసిన మనిషే లేచి వచ్చిందనుకున్నాడు.

"ఎవరూ... మాస్టారా?"

కమలమ్మ! తల్లికి సమాధి లేదని, ఏటా ఈ పండక్కి పొన్నూరు నుంచి ఆటోలో వచ్చి, రేవు దగ్గరే కొవ్వొత్తి వెలిగించి పోతుందట. అందరం శ్మశానంలో ఉంటే ఆమెని పోల్చుకునేదెవరు?

హమ్మయ్య అనుకున్నాడు మాస్టారు. అది ఎంతోసేపు నిలవలేదు.

"సమాధి లేదని ఇన్నాళ్ళూ ఏడ్చాను నాయనా," గుసగుసగా అంది. "నీ పుణ్యమా అని, ఇక ఇదే మా అమ్మ సమాధి." కొవ్వొత్తి పైకెత్తింది. బోర్డుకి బంతిపూల దండ. గుంజలకి తడి ఆరని సున్నం. "నాకు చదువు రాదు గదా... అమ్మ పేరు ఒక్కసారి చదివి వినిపించు."

కృపా రేవు. దండ మధ్యలో అక్షరాలు మెరుస్తున్నాయి.

వాటి వంకే చూస్తూ మాస్టారు, "రాహేలమ్మ రేవు" అని చదివాడు.

కమలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఇంకోసారి నాయనా..."