కరెంటు తాగే పెంచలయ్య

ఉప్పుకాలవ మలుపులో పాత మోటారు షెడ్డు ఒకటి ఉండాది. చీకటి పడినాక దాని పక్కన ఎవురూ నిలబడరు. ఎండ ఎంత మండిపోతా ఉన్నా మేకలు కూడా దాని నీడకి పోవు. నేను ఊరికే చెప్పడంలేదు... కావాలంటే పోయి చూసుకోండి. పగలే పోండి.

ఒకప్పుడు రొయ్యల గుంటలకి అక్కణ్ణుంచే ఉప్పునీళ్ళు తోడేవాళ్ళు. పెంచలయ్య అని ఒకాయన ఆ మోటారు చూసుకునేవాడు. ఒక వానాకాలం రాత్రి తడి చేత్తో స్విచ్చి ఏసినాడు... అంతే. తెల్లారి పోయి చూస్తే మనిషి బోర్డుకి ఆనుకోని నిలబడే ఉండాడంట. చెయ్యి ఇంకా స్విచ్చి మీదే ఉండాదంట. ఆ తర్వాత షెడ్డుకి కరెంటు లైను పీకేసినారు. మోటారు ఎత్తుకపోయినారు. పెంచలయ్యని మాత్రం అక్కడే వొదిలేసినారు.

కరెంటుతో పోయినోడు గదా, ఆయనకి కరెంటు కావాల. ఆ దోవన పోయేవాళ్ళ టార్చిలైటు ఆరిపోతాది. సెల్‌ఫోన్లో చార్జింగు దిగిపోతాది. బండయితే ఇంక చెప్పబన్లేదు... లైటు పసుపచ్చగా తిరుగుతాది, తర్వాత ఎర్రబడతాది, తర్వాత... ఆరిపోతాది. కరెంటు తాగే పెంచలయ్య అని జనం పేరు పెట్టినారు.

ఇంక ఏసుమణి సంగతికొస్తాను. నేను కామమ్మని. రొయ్యల కంపెనీలో తలలు గిల్లే పని నాది. ఏసుమణి పెండ్లాం లిల్లి నా పక్కనే నిలబడి గిల్లతాది. ఈ కథ సగం ఏసుమణి టీ అంగట్లో నలుగురికీ చెప్పినాడు, సగం లిల్లి నా చెవిలో చెప్పింది. రెండూ కలిపి నేను చెప్తా ఉండాను. మధ్యలో అడ్డం రాబాకండి, నాకు ఒళ్ళు మండతాది.

కంపెనీ బస్సు పొద్దుగూకినాక మమ్మల్ని తోటపల్లి గూడూరు రోడ్డు సెంటర్లో దించి పోతాది. నా ఇల్లు అక్కడే. లిల్లి వాళ్ళది కొత్తదిబ్బ. అక్కడికి గుంటల మధ్యన కట్ట మీద చానా దూరం పోవాల. ఏసుమణి బండేసుకోని వొచ్చి, బిడ్డలకి నాలుగు బజ్జీలు కట్టించుకోని, లిల్లిని ఎక్కించుకోని పోతాడు.

బండంటే ఏ బండనుకుంటా ఉండారు? వాళ్ళ నాయన పాత బుల్లెట్టు. ఆయన పాస్టరు. ఆ బండి మీదే ఊరూరూ తిరిగి ప్రార్థనలు పెట్టినాడు, పెండ్లిళ్ళు చేసినాడు, పోయినోళ్ళని పూడ్చిపెట్టొచ్చినాడు. ఆయన పొయ్యేముందు తాళం ఏసుమణి చేతిలో పెట్టి, "దీన్ని ఉప్పుగాలికి వొదిలెయ్యబాకరా" అన్నాడంట. బిడ్డలు ఒక ఎత్తు, ఆ బండి ఒక ఎత్తు ఏసుమణికి. ఆదివారం చర్చి నుంచి రాంగానే చొక్కా విప్పి ఆ చొక్కాతోనే దాన్ని తుడస్తాడు. లిల్లి తిట్టుకుంటా ఆ చొక్కా ఉతకతాది.

దాని హెడ్‌లైటు మీద చిన్న మీటరు ఉంటాది. అందులో ఒక ముల్లు. ఇంజన్లో పుట్టిన కరెంటు బ్యాటరీకి పోతా ఉంటే ముల్లు కుడిపక్కకి వాలతాది. బ్యాటరీలోది ఖర్చయిపోతా ఉంటే ఎడమపక్కకి. ఇంతే దాని సంగతి. ఇది మాత్రం మనసులో పెట్టుకోండి, దెయ్యాన్ని ముందు చూసింది ఆ ముల్లే.

మొదటి రాత్రి గాలి కూడా లేదు. ఇద్దురూ సెంటరు దాటినారు, కట్ట ఎక్కినారు. ఉన్నట్టుండి లైటు పసుపచ్చగా తిరిగింది. ఇంజను దగ్గడం మొదలుపెట్టింది. సరిగ్గా మోటారు షెడ్డు కాడికి వొచ్చేసరికి... చప్పుడు లేదు, వెలుతురు లేదు.

ఏసుమణి కిక్కు కొట్టినాడు. మళ్ళీ కొట్టినాడు. బండి ఊ అనలా.

"లిల్లీ..." అన్నాడు గొంతు తగ్గించి. "యాడ ఆగినామో చూసినావా?"

"చూసినా."

"నా చెయ్యి పట్టుకో."

పట్టుకుంది. ఆ మనిషి చెయ్యి వణకతా ఉండాదంట. తూము గట్టు మీద కూచున్నారు. ఏసుమణికి భయమేస్తే నోరు ఊరుకోదు. మనిషి మాట్లాడతా ఉంటే దెయ్యం దగ్గరికి రాదని వాళ్ళమ్మ చిన్నప్పుడే చెప్పి పెట్టిందంట. ఇంక ఎత్తుకున్నాడు... నాయన వెనక కూచోని నిద్దరపోయి కాలవలో పడింది, బడెగ్గొట్టి సముద్రానికి పోయి తన్నులు తినింది, చర్చిలో పాడతా పాడతా లిల్లిని మొదటిసారి చూసి పాట మర్చిపోయింది. ఆపకుండా చెప్పినాడు. చివరికి కండ్లు మూసుకోని ప్రార్థన చేసి, లైటు స్విచ్చి ఆపేసి కిక్కు కొడితే... బండి లేచింది.

తెల్లారి సెంటర్లో మెకానిక్కు సుబ్బు దగ్గరికి తీసకపోయినాడు. లిల్లి కంపెనీ బస్సు కోసం అక్కడే నిలబడుండాది. సుబ్బు సీటు కింద సైడు పెట్టె తెరిచి, వైర్ల మధ్య ఒక ప్లాస్టిక్ కప్లరు ఊడదీసి చూపించినాడు. లోపలంతా పచ్చగా చిలుం.

"ఇంజన్లో పుట్టే కరెంటు ఈ కప్లరు దాటి బ్యాటరీకి పోవాలన్నా. ఇది చిలుం పట్టి లూజయిపోయింది. నువ్వు ఉత్త బ్యాటరీ మీద బండి తోలినావు. అది ముసిలిది, షెడ్డు దాకా లాక్కొచ్చి పడిపోయింది. కాసేపు రెస్టిచ్చేసరికి మళ్ళీ లేచింది. దెయ్యం లేదు, గియ్యం లేదు."

గీకి, తుడిచి, వ్యాజిలైను పూసి, కప్లరు టక్కున కలిపినాడు. ముల్లు కుడిపక్కకి వాలింది. సముద్రం పక్కన తిరిగే బండికి అప్పుడప్పుడూ ఇట్టా చేస్తా ఉండాలని చెప్పి పంపించినాడు.

కొన్నాళ్ళు బండి బాణంలా పోయింది. లిల్లి తొందరగా ఇల్లు చేరతా ఉండాది. ఏసుమణి బండి దిగి, ఫోను తీసుకోని మంచం ఎక్కతా ఉండాడు. అంతా బాగుంది.

ఆ తర్వాత ఒక రాత్రి... మళ్ళీ ఆ షెడ్డు కాడే.

ఈసారి ఏసుమణి ముల్లుని చూస్తానే ఉండాడు. సెంటర్లో బండి కదలంగానే అది ఎడమపక్కకి పడిపోయింది. ఎవురో పట్టుకోని లాగినట్టు పడిపోయింది. షెడ్డు దగ్గర బండి చచ్చింది. ఇద్దురూ కూచున్నారు, ఏసుమణి మాట్లాడినాడు, ప్రార్థన చేసినాడు. లిల్లి సైడు పెట్టెలోంచి నీళ్ళ బాటిలు తీసి ఇచ్చింది. తాగి, కిక్కు కొట్టినాడు... ముల్లు కుడిపక్కకి. లైటు తెల్లంగా.

"దెయ్యం దిగిపోయింది చూడు" అని గుసగుసలాడినాడు. "ప్రార్థన కాంగానే దిగిపోయింది."

లిల్లి ఊ కొట్టింది.

తెల్లారి సుబ్బు చూస్తే అంతా బాగుండాది. కప్లరు బాగుండాది, కాయిలు బాగుండాది, ముల్లు కుడిపక్కకే పోతా ఉండాది. పగలంతా కుడి, రాత్రి సెంటరు దాటితే ఎడమ. ఇట్టా వారాలు జరిగింది. కొత్త బ్యాటరీ ఏసుకోమని సుబ్బు చెప్తే, "దాన్ని కూడా తాగేస్తాడు గదరా" అన్నాడు ఏసుమణి. చివరికి సుబ్బు కూడా తన షాపు ముందర నిమ్మకాయా మిరపకాయలూ కట్టుకున్నాడు. అడిగితే దోమలకంట.

ఇంకో చిత్రం ఏందంటే, ఆదివారం రాత్రి ఏసుమణి వాళ్ళమ్మని ఎక్కించుకోని అదే దోవన చర్చి మీటింగు నుంచి వొస్తాడు. ఒక్క ఆదివారం కూడా బండి ఆగలా. పెంచలయ్య హిందువైనా ఆదివారాన్ని గౌరవిస్తా ఉండాడని ఏసుమణి అందరికీ చెప్పుకున్నాడు. ఆదివారం మా కంపెనీకి సెలవు, లిల్లి ఇంట్లో ఉంటాది. ఈ ముక్క ఎవురికీ తట్టలేదు. నాకూ తట్టలేదు, నిజం చెప్పాలంటే.

చర్చి అయ్యగారు వొచ్చినాడు. ట్యాంకు మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థన చేసినాడు. సోమవారం రాత్రి బండి మళ్ళీ ఆగింది.

ఆ వారమే టీ అంగడి కాడ ఏసుమణి మొహం పీక్కపోయి కూచోనుండాడు. నేనూ లిల్లీ అక్కడే నిలబడుండాం.

"అది షెడ్డు కాడ పట్టుకోవడంలేదురా" అన్నాడు పక్కోడితో. "నేను తప్పు అనుకున్నా. ఇక్కడ సెంటర్లోనే ఎక్కతా ఉండాది. నా వెనకాలే కూచుంటా ఉండాది... నాకు బరువు కూడా తెలస్తా ఉండాది."

లిల్లి పక్క చూస్తే, అది కొంగు నోటికి అడ్డం పెట్టుకోని అటు తిరిగింది. పాపం భయపడిందనుకున్నా.

అప్పుడే ఏసుమణి ఆ మాట చెప్పినాడు. సూళ్లూరుపేట నుంచి వినోద్ అని ఒకడు, పాత బండ్లు కొనేవాడు, శనివారం వొస్తా ఉండాడంట. బుల్లెట్టు ఇచ్చేస్తాడంట. బిడ్డలున్నోణ్ణి, దెయ్యం ఎక్కే బండి పెట్టుకోని ఏం చేసేదన్నాడు. మాట మామూలుగానే అన్నాడు గాని, టీ గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది. లిల్లి కొంగు కూడా నోటి మీంచి దిగిపోయింది.

ఇక్కణ్ణుంచి చెప్పేది లిల్లి నాకు చెప్పింది. మీ దగ్గరే పెట్టుకోండి.

శుక్రవారం రాత్రి. ఆఖరిసారి కదాని ఏసుమణి నిదానంగా తోలినాడంట. షెడ్డు కాడికొచ్చినారు. లైటు పసుపచ్చగా తిరిగింది, ఎర్రబడింది... ఆరిపోయింది. ఈసారి ఏసుమణి కిక్కు కొట్టలేదు. ప్రార్థన చెయ్యలేదు. ట్యాంకు మీద చెయ్యి పెట్టుకోని నిలబడిపోయినాడు.

"నాయన బండిని నేనే పోగొట్టుకుంటా ఉండానే" అన్నాడు.

చీకట్లో మొహం కనపడలేదు. ఏడస్తా ఉండాడని గొంతులో తెలిసిపోయింది.

"అమ్మబాకయ్యా."

"అమ్మక? రేపు అది మనిద్దర్నీ గుంటలోకి తోస్తే?"

"తొయ్యదు."

"నీకెట్టా తెలుసు?"

షెడ్డు రేకు కిర్రుమంది... మళ్ళీ ఊరుకుంది.

"సెంటర్లో నీ వెనకాల ఎక్కేది ఎవురయ్యా?"

ఏసుమణి గిర్రున తిరిగినాడు.

"నేనే గదా" అనింది లిల్లి.

ఆ మనిషి చెయ్యి పట్టుకోని సైడు పెట్టెలో పెట్టింది. వేళ్ళకి కప్లరు తగిలింది. రెండు ముక్కలు, విడివిడిగా.

"నువ్వు బజ్జీలకి పోతావు. నేను అన్నం క్యారేజీ పెట్టే వంకన దీన్ని లాగేస్తాను. ఇంక పోదామనిపించినప్పుడు నీళ్ళ బాటిలు తీసే వంకన కలిపేస్తాను. సుబ్బు తీసేటప్పుడు చూసినా గదా."

"ఎందుకే?" అన్నాడు ఏసుమణి.

"ఇంట్లో నువ్వు నాతో మాట్లాడి ఎన్నాళ్ళయింది? బండి దిగంగానే నీకు ఫోను, మీయమ్మకి టీవీ, నాకు పొయ్యి. పడుకునేటప్పుడు తలుపేసినావా అని అడుగుతావు, అంతే. మొదటిసారి బండి నిజంగానే ఆగింది, నా మీద ఒట్టు. ఆ రాత్రి భయానికైనా నువ్వు నా చెయ్యి పట్టుకున్నావు. అబ్బోడు పుట్టినప్పుడు ఆస్పత్రి వెనక నిలబడి ఏడిచినానని నువ్వు నాకెప్పుడన్నా చెప్పినావా? ఇక్కడే గదా చెప్పినావు." లిల్లి ఆ మనిషి చెయ్యి వొదిలింది. "నిన్ను భయపెట్టింది తప్పే. తిట్టు, పడతా. బండి మాత్రం అమ్మబాక."

ఏసుమణి తిట్టలేదు. తడుముకోని కప్లరు కలిపినాడు. కాసేపు ఆగి కిక్కు కొట్టినాడు. ఇంటిదాకా ఒక్క మాట లేదు. ఆ రాత్రి తలుపేసినావా అని కూడా అడగలేదంట.

శనివారం వినోద్ వొచ్చినాడు. బండి చుట్టూ తిరిగి, తట్టి చూసి, తాళం కోసం చెయ్యి చాపినాడు. ఏసుమణి తాళం జేబులో ఏసుకోని, "ఇది అమ్మేది కాదులే తమ్ముడా" అన్నాడు. అంత దూరం నుంచి పిలిపించి ఇదేం పనని వినోద్ నానా మాటలు అని పోయినాడు. బండి నిలిచింది. లిల్లికి సంతోషమే. కానీ మొగుడు మాత్రం దానితో పలకడంలేదు. అంతకుముందు ఆ తలుపు మాటన్నా ఉండేది, ఇప్పుడు అదీ లేదు.

సోమవారం సెంటర్లో నా కండ్లారా చూసినాను. ఏసుమణి అంగట్లోకి పోయినాడు. లిల్లి బండికి దూరంగా, క్యారేజీ గుండెకి హత్తుకోని నిలబడింది. పెట్టె వైపు చూడను కూడా చూడలేదు. బండెక్కినాక క్యారేజీని ఒళ్ళోనే పెట్టుకుంది.

ముల్లు కుడిపక్కకి వాలింది. లైటు తెల్లంగా కొడతా ఉండాది. కట్ట ఎక్కినారు. ఏసుమణి మాట్లాడలేదు, లిల్లి మాట్లాడలేదు. ఇంజను మాత్రం టకటకమని సాగతా ఉండాది. దూరంగా షెడ్డు కనపడింది... దగ్గరికొచ్చింది...

లైటు పసుపచ్చగా తిరగలేదు. ఎర్రబడలేదు. ఒక్కసారిగా ఆరిపోయింది. ఇంజను ఆగిపోయింది.

లిల్లి క్యారేజీని ఒళ్ళోకి గట్టిగా లాక్కుంది.

"ఏవయ్యా..." అనింది. "నేను ముట్టుకోలేదయ్యా. ప్రభువు సాక్షి... ఈరోజు పెట్టె మూత కూడా తియ్యలేదు."

బండి ఊగింది. ముందర కూచున్న మనిషి దిగినట్టుండాడు... దిగినట్టే ఉండాడు గాని కనపడడంలేదు. ఎంత కండ్లు చించుకున్నా చీకటే. షెడ్డులో రేకు మళ్ళీ కిర్రుమంది. గులకరాళ్ళ మీద అడుగులు... ఇటే వొస్తా ఉండాయి.

ఒక చెయ్యి వొచ్చి లిల్లి చెయ్యి పట్టుకుంది. అది వణకడంలేదు.

"నువ్వు తియ్యలేదని తెలుసు" అన్నాడు ఏసుమణి. "తాళం నేనే తిప్పినాను. దిగు... కాసేపు కూచోని పోదాం."