చెత్తబుట్టలో మూడు ఉత్తరాలు

బడి నుంచి వచ్చి సంచి దించేలోపే తాతయ్య పిలిచాడు.

"ఉడుతా, ముందు కంట్లో చుక్కలు వెయ్యి. తరువాత ఫోరం తెరువు."

ఉడుత ఆయన మనవరాలు. వయసు పదకొండేళ్లు. నేల మీద ఏ చిన్న మర సీల కనిపించినా జేబులో దాచుకునేది కనుక ఆ పేరు ఆయనే పెట్టాడు.

తాతయ్య నలభై ఏళ్లు గడియారాలు బాగుచేశాడు. దుకాణం మూసేశాక, ఆ పని తెలిసినవాళ్లు మాట్లాడుకోవడానికి ఇంటర్నెట్‌లో ఒక ఫోరం పెట్టాడు. అక్కడ ఎవరూ అసలు పేర్లతో రాయరు. తాతయ్య పేరు చిన్నముల్లు. ఆయనతో రోజూ వాదించే స్నేహితుడి పేరు లోలకం. వాళ్లది పన్నెండేళ్ల స్నేహం. ఒకరి ముఖం ఒకరు ఏనాడూ చూడలేదు.

ఆ ఫోరం చుట్టూ స్పామ్ పంపేవాళ్లు ఈగల్లా ముసిరేవారు. ఫోను ఉచితంగా ఇస్తామంటారు. బరువు తగ్గించే మాత్రలు ఉచితంగా పంపుతామంటారు. ఒక పేరును నిషేధిస్తే మర్నాడు మూడు కొత్త పేర్లతో దిగేవారు. తాతయ్య ప్రతి సందేశాన్నీ చివరిదాకా చదివి, అప్పుడే డిలీట్ చేసేవాడు.

ఇప్పుడు ఆయన కంటికి ఆపరేషన్ అయింది. మూడు వారాలు తెర వంక చూడకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అలా ఆ పని ఉడుత మీద పడింది.

"చదివి తీసెయ్యి. చదవకుండా మాత్రం తియ్యకు" అన్నాడు తాతయ్య. ఆయన పెట్టిన నియమం అదొక్కటే.

మొదటి రోజు డెబ్భై సందేశాలు చదివింది. రెండో రోజు తొంభై రెండు. కింద వీధిలో స్నేహితురాళ్లు తాడాట ఆడుతూ కేకలు పెడుతుంటే, ఇక్కడ మాత్రల గోల చదవలేక ఆమె తల ప్రాణం తోకకొచ్చింది.

మూడో రోజు ఫోరం సెట్టింగుల్లో ఒక ఖాళీ గడి కనిపించింది. ఆ గడిలో ఏ మాట రాస్తే, ఆ మాట ఉన్న సందేశాలన్నీ నేరుగా చెత్తబుట్టలోకి పోతాయి. పంపినవారి మీద నిషేధం కూడా దానంతటదే పడుతుంది.

ఉడుత కాసేపు ఆలోచించింది. ఆ దొంగలందరూ వాడే మాట ఒకటుంది కదా! గడిలో 'ఉచితంగా' అని టైపు చేసింది.

చీపురు పెట్టి ఊడ్చినట్టు ఫోరం శుభ్రపడింది.

"ఈరోజు ఎన్నొచ్చాయి?" అని అడిగాడు తాతయ్య.

"సున్నా!"

"సున్నానా? పన్నెండేళ్లలో అలాంటి రోజు ఒక్కటీ లేదే. కారణం ఏమిటంటావు?"

"నన్ను చూసి హడలిపోయారు తాతయ్యా!"

ఆయన నవ్వాడు. నవ్వి కూడా తల అడ్డంగా ఊపాడు. కారణం తెలియని సంగతేదీ ఆయనకు ఒక పట్టాన మింగుడుపడదు.

"సరేలే. లోలకం ఏమైనా రాశాడా?"

"లేదు తాతయ్యా."

ఆ ప్రశ్న రోజూ వచ్చేది. ఆ జవాబే రోజూ వెళ్లేది. అలా రెండు వారాలు గడిచాయి. స్పామ్ లెక్క అడగడం తాతయ్య మానేశాడు. లోలకం సంగతి మాత్రం రోజుకు రెండుసార్లు అడగసాగాడు.

ఒకరోజు ఆయనే అన్నాడు. "అలిగినట్టున్నాడు. తప్పు నాదే. పాత నూనె తుడవకుండా గడియారంలో కొత్త నూనె పోస్తే ఏమీ కాదన్నాడు. నువ్వు సైకిలు చైన్లకు నూనె పోసుకో పో అని రాశాను."

"అంత మాటన్నావా!"

"అన్నాను. అంతకుముందు అతను నన్ను ఎన్నన్నాడో నీకేం తెలుసు? రోజుకు రెండు చుట్లకు మించి తిరగని చిన్నముల్లు అన్నాడు!" తాతయ్య పెదవులు నవ్వబోయి ఆగిపోయాయి. "నే చెప్తాను, రాయి. లోలకం గారూ, నూనె విషయంలో నా మాట నిజమే. కానీ అన్న తీరు తప్పు. క్షమించండి. మీరు లేక ఇక్కడ ఏమీ తోచడం లేదు."

ఉడుత టైపు చేసి, పంపమని నొక్కింది. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి.

'ఈ సభ్యుని మీద నిషేధం ఉంది.'

ఆ నిషేధం ఎలా పడిందో ఉడుతకు తట్టింది. గబగబా చెత్తబుట్ట తెరిచింది. అందులో పదకొండు వందల సందేశాలున్నాయి. లోలకం అని వెతికితే మూడు బయటపడ్డాయి.

మొదటిది లోలకం పేరుతోనే వచ్చింది, రాసి పన్నెండు రోజులైంది.

'నేను లోలకం గారి భార్యను. ఆయన పోయిన ఆదివారం కన్నుమూశారు. మీ ఫోరంలో చెప్పమన్నారు. ఆయన పనిముట్లు, పదకొండు గడియారాలు పని తెలిసినవారికి ఉచితంగా ఇవ్వమన్నారు. ముందుగా చిన్నముల్లు గారిని అడగమన్నారు. నెలాఖరులోగా నేను ఇల్లు ఖాళీ చెయ్యాలి.'

రెండోది కొత్త పేరుతో వచ్చింది.

'నేను రాసింది చేరినట్టు లేదు. మా అబ్బాయి వేరే పేరు పెట్టి ఇచ్చాడు. లోలకం గారి గడియారాలు ఉచితంగానే ఇస్తాను. దయచేసి చిన్నముల్లు గారికి చెప్పండి.'

మూడోది ఇంకో పేరుతో, నాలుగు రోజుల కిందట వచ్చింది.

'లోలకం గారి సామాను ఉచితంగా ఇస్తామన్నా ఇక్కడ ఎవరూ పలకలేదు. ఆయన రోజూ మీ గురించే చెప్పేవారు. రేపు పాత సామాన్ల దుకాణం వాళ్లు వస్తున్నారు. ఇక రాయను.'

మూడు సందేశాలు, మూడు పేర్లు. అచ్చం స్పామ్ దొంగలు వచ్చినట్టే వచ్చింది ఆ పెద్దావిడ.

మూడో సందేశం పక్కన 'శాశ్వతంగా తొలగించు' అని ఒక బొత్తాం ఉంది. ఉడుత మౌస్‌ను దాని మీదికి జరిపింది. తాతయ్య తెర వంక చూడడు. నొక్కితే ఎవరికీ తెలియదు.

"చేరిందా ఉడుతా?" అన్నాడు తాతయ్య.

గోడ మీది గడియారాలు ఒకదాని వెనక ఒకటి నాలుగు కొట్టాయి. ఆమె బొత్తాం మీంచి మౌస్ పక్కకు జరిపింది. తరువాత మూడు ఉత్తరాలూ వరసగా చదివింది. తాను గడిలో రాసిన మాట కూడా చెప్పింది.

ఆపరేషన్ చెయ్యని కంటి నుంచి తాతయ్య చెంప మీదికి ఒక చుక్క జారింది. కంట్లో నీళ్లు పెట్టుకోకూడదని డాక్టరమ్మ చెప్పిన సంగతి ఉడుతకు గుర్తొచ్చింది.

"ఆయన పేరేమిటో రాశారా?" అని మెల్లగా అడిగాడు.

"లేదు తాతయ్యా. లోలకం గారి భార్య అనే రాశారు."

"ఊఁ" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఉడుతకు.

ఆమె నిషేధం తీసేసి జవాబు రాసింది. తాతయ్య చెప్పలేదు, ఆమే రాసింది.

'అమ్మమ్మగారూ, మీ ఉత్తరాలు చిన్నముల్లు గారికి అందకుండా చేసింది నేను. ఆయన మనవరాలిని. చదవకుండా చెత్తలోకి పంపాను. ఆయన రోజూ లోలకం గారి కోసం అడిగేవారు.'

మర్నాడు సాయంత్రం జవాబు వచ్చింది.

'సామాను వెళ్లిపోయిందమ్మా. ఆ దుకాణంవాళ్లు ఇత్తడి కోసం గడియారాలన్నీ విప్పేశారట. ఆయన చేతి గడియారం ఒక్కటే మిగిలింది. అది నేనే ఉంచుకుంటాను. మీ తాతగారు అడిగారని రాశావు. ఆయన ఉండగా ఆ మాట వినుంటే బాగుండేది.'

ఉడుత దాన్ని కూడా పైకి చదివింది. తాతయ్య రెండోసారి చదవమన్నాడు. చదివింది.

తరువాత సెట్టింగులు తెరిచి, గడిలోని మాటను ఒక్కొక్క అక్షరమే చెరిపేసింది. గంట తిరిగేసరికి ఈగలు మళ్లీ ముసిరాయి. కింద తాడాట మొదలైంది. తన పేరు పెట్టి ఎవరో పిలిచారు. ఉడుత కిటికీ దగ్గరికి వెళ్లి, రానని చెయ్యి ఊపి, వచ్చి కూర్చుంది.

మొదటి సందేశం మాత్రల గురించి. చివరిదాకా చదివి తీసేసింది. రెండోది ఫోను గురించి. చదివి తీసేసింది. చెత్తబుట్టలో మిగిలిన పదకొండు వందలు కూడా పక్కనే ఎదురుచూస్తున్నాయి.

"అన్నీ చెత్తేనా?" అన్నాడు తాతయ్య, కళ్లు మూసుకునే.

"ఇంకా చదవలేదు తాతయ్యా" అంది ఉడుత.