నేను చెయ్యని ప్రార్థన

“నీ ఏడుపే తగిలిందిరా నా కొడుక్కి. నువ్వు కళ్ళల్లో నిప్పులు పోసుకోబట్టే వాడు మంచం పట్టాడు.”

మా రత్నమణి పిన్ని మా వాకిట్లో నిలబడి అన్న మాటలివి. వీధంతా వింటానే ఉంది. మా అమ్మ చీపురు పక్కన పడేసి చెల్లెలి మీదికి వెళ్ళింది. నీ కొడుక్కి జ్వరమొస్తే నా కొడుకేం చేసాడే, వీడేమన్నా చేతబడి చేసాడా, చిల్లంగి పెట్టాడా అని అడిగింది. పిన్ని తగ్గలేదు. మీ అత్తగారి పుట్టింటోళ్ళు చిల్లంగి పెట్టినోళ్ళేగా, ఆ విద్య ఎక్కడికి పోద్ది అంది.

ఆ అత్తగారు, అంటే మా నాయనమ్మ, అరుగు మీద చింతపండు గింజలు తీస్తా కూర్చుంది. తలెత్తకుండానే చెప్పింది.

“మా నాన్న చిల్లంగిలో ఏముందే... నిమ్మకాయ, పసుపు. పనిచేసేది కోరిక. ఒక్కటే కోరిక వదలకుండా పట్టుకుంటే దానికి కాళ్ళొస్తాయి.”

అందరూ నా వైపు తిరిగారు.

పిన్ని కొడుకు స్టీవెన్ అంటే నాకు పడదు. ఇద్దరం ఒకే నెలలో పుట్టాం. వాడు డిగ్రీ పాసై నందిగామలో ఉద్యోగం చేస్తున్నాడు. నేను పాలిటెక్నిక్ మధ్యలో మానేసి జగ్గయ్యపేటలో సౌండ్ సెట్ షాపులో వైర్లు చుడుతున్నా. అదీ కాదు నా మంట. మా కాలనీ చర్చిలో పాటలు వాడే పాడతాడు. పైకెళ్తే వాడికి శ్రుతి జారుద్ది, వెంట్రుకవాసి. అది వినపడేది నాకొక్కడికే. మిక్సర్ దగ్గర కూర్చుని దాన్ని కప్పిపెట్టేదీ నేనే. మెప్పు వాడికి. పక్కన నిలబడి పాడే జాయిస్ చూపులు కూడా వాడికే.

జ్వరం తలకెక్కి వాడు నందిగామ ఆస్పత్రిలో తెలివి లేకుండా పడున్నాడు. డాక్టర్లు ఏ మాటా చెప్పట్లేదు. పాస్టర్ ఆశీర్వాదం గారు గొలుసు ప్రార్థన పెట్టారు. మనిషికో గంట. ఒకళ్ళు లేవగానే ఇంకొకళ్ళు మోకరించాలి. మైకు ఆన్‌లోనే ఉంటది. చర్చి మీది హారన్ స్పీకర్లలోంచి వినపడే ప్రార్థనతో ఇళ్ళల్లో ఉన్నోళ్ళు కూడా కలుస్తారు. గొంతు ఆగకూడదు, గొలుసు తెగకూడదు. పిన్ని నోరు మూయించడానికి మా అమ్మ నా పేరు కూడా ఇచ్చేసింది. నాకు వచ్చింది ఎవరూ వద్దనుకున్న గంట. మిట్టమధ్యాహ్నం.

రోహిణి కార్తె ఎండ. వీధిలో కుక్క కూడా లేదు. సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము వేపాకుల మీద తెల్లగా పేరుకుపోయి ఉంది. నేను లోపలికెళ్ళేసరికి జాయిస్ చివరి మాటలు చెప్తోంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. మైకు నా చేతిలో పెట్టింది. నా మొహం చూడలేదు.

“స్టీవెన్ కోసం గట్టిగా చెయ్యి,” అని వెళ్ళిపోయింది.

మైకు ఇంకా తడిగా ఉంది. వాడి కోసం కార్చిన కన్నీళ్ళు.

నేను మోకరించలా. పైన రేకులు వేడికి టక్కు టక్కుమంటున్నాయి. చాప వాసన, కొవ్వొత్తుల వాసన. ఒకటే ఆలోచన. గొలుసు నా దగ్గర తెగాలి. కరెంటు పోయిందంటే ఎవరేమంటారు? మైకు కింద పెట్టా. యాంప్లిఫయర్ ప్లగ్గు పట్టుకుని లాగేసా. ఎర్రలైటు ఆరిపోయింది.

నిశ్శబ్దం.

హాయిగా అనిపించింది. గోడకి చేరగిలబడి కూర్చున్నా.

అప్పుడు బయట హారన్లో ఎవరో ఊపిరి పీల్చారు.

నాకు గొంతులు తెలుసు. ఊపిరిని బట్టి కూడా మనిషిని చెప్తా. పాట ఎత్తుకునే ముందు ముక్కుతో కాకుండా నోటితో, చిన్నగా రెండుసార్లు పీల్చేవాడు మా కాలనీలో ఒక్కడే.

నేనే.

“దేవా...” అంది హారన్.

నా గొంతు. నా నోరు మూసుంది. ప్లగ్గు నా చేతిలో ఉంది.

కిందున్న మైకుని కాలితో తన్నా. దొర్లిపోయింది. గొంతు ఆగలేదు. తొందర లేకుండా, ఎక్కడా జారకుండా ప్రార్థిస్తోంది. నేను జన్మలో అంత బాగా మాట్లాడలా. చర్చిలో కొవ్వొత్తుల వాసన పోయింది. మందుల వాసన... ఇంజక్షన్ ముందు చేతికి రాసే స్పిరిట్ వాసన...

“నా తమ్ముడు స్టీవెన్‌ని లేపు తండ్రీ. వాడి బదులు నన్ను తీసుకో.”

కాదు అని అరవబోయా. గాలి తప్ప ఏమీ రాలేదు. నా గొంతు బయట వాడుకలో ఉంది మరి.

కిటికీ సందులోంచి చూసా. ఆడోళ్ళు ఇళ్ళల్లోంచి బయటికొచ్చారు. కాళ్ళకి చెప్పుల్లేకుండా, కొంగు నెత్తినేసుకుని, ఆ ఎండలో ఏడుస్తా నిలబడ్డారు. క్యారేజీ కోసం ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన పిన్ని కూడా ఉంది. వాళ్ళ వెనక జాయిస్.

“...యేసు నామమున అడుగుతున్నాను తండ్రీ...”

ఆగింది. ఆ ఒక్క మాట చెప్పకుండా ఆగింది. నా కోసం.

తలుపు తెరుచుకుంది. పిన్ని వచ్చి నా ముందు కూలబడి నా రెండు చేతులూ పట్టుకుంది. ప్లగ్గు నా గుప్పిట్లోనే ఉంది. ఆవిడ చూడలేదు.

“అనరా బుల్లిబాబూ... ఆమేన్ అను.”

గుమ్మంలో జాయిస్. నా వైపే చూస్తోంది. స్టీవెన్ కోసం ఏడ్చిన ఆ కళ్ళు నా కోసం ఏడుస్తున్నాయి. అది నేను కాదు అని అప్పుడు చెప్పొచ్చు. గొంతు తిరిగొచ్చినట్టు కూడా తెలుస్తోంది. కానీ చెప్తే ఆ చూపు పోద్ది. మళ్ళీ వాడి దగ్గరికే పోద్ది.

“ఆమేన్,” అన్నా.

మెల్లగానే అన్నా. హారన్లో ఊరంతా వినపడింది.

పిన్ని ఫోను మోగింది. నందిగామ నుంచి బాబాయ్. స్టీవెన్ కళ్ళు తెరిచాడంట.

ఆ తర్వాత వారమంతా నాదే. పిన్ని నాటుకోడి వండి పంపింది. ఎదురైనోళ్ళు ఆగి నా తల మీద చెయ్యి పెట్టారు. జాయిస్ మా ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగి వెళ్ళింది. ఆశీర్వాదం గారు ఒక్కరే పక్కకి పిలిచారు. ఒకరి బదులు ఒకరు చావడం సిలువ దగ్గరే అయిపోయింది నాయనా, దేవుడు మళ్ళీ అలాంటిది అడగడు, నిన్నెవరు అడగమన్నారు అన్నారు. నేను తల దించుకున్నా. వినయం అనుకున్నారు.

మా నాయనమ్మ మాత్రం మెచ్చుకోలా. బాప్తిస్మం తీసుకుని యాభై ఏళ్ళైన మనిషి, నేను నిద్రపోతున్నా అనుకుని నా మణికట్టుకి నల్లదారం కట్టింది. ప్రార్థన ఎవరు చేసినా, ఆమేన్ అని ఒప్పుకున్నోడికి తప్పించుకునే దారి ఉండదురా అని గొణిగింది.

నిన్న స్టీవెన్‌ని ఇంటికి తెచ్చారు. జనమంతా మళ్ళీ వాడి చుట్టూ చేరారు. జాయిస్ వాడికి బత్తాయి తొనలు వలుస్తోంది. గుమ్మంలో నిలబడ్డ నాకు పాత మంట మళ్ళీ మొదలైంది.

స్టీవెన్ అందర్నీ బయటికి పొమ్మన్నాడు. నన్ను దగ్గరికి రమ్మన్నాడు. వాడి మొహంలో కృతజ్ఞత లేదు. భయం.

నువ్వు ఆస్పత్రికి వచ్చావురా అన్నాడు. రాలేదన్నా. వచ్చావు, మంచం పక్కన నిలబడి లేవరా ఇది నా చోటు అన్నావు, చెయ్యి పట్టి లాగావు, నేను లేచాక నువ్వు పడుకున్నావు అన్నాడు. జ్వరంలో కలలే అని నవ్వబోయా.

“కల కాదురా. ఇవాళ వచ్చేటప్పుడు వెనక్కి తిరిగి చూసా. దుప్పటి కప్పుకుని... ఇంకా అక్కడే ఉన్నావు.”

ఏమన్నా మాట్లాడానా అని అడిగా.

స్టీవెన్ నా చెవి దగ్గరికి వంగాడు.

“ఏడుస్తున్నావురా. కళ్ళు మాత్రం ఎర్రగా మండుతున్నాయి. ‘బుల్లిబాబుకి కోడికూర పెట్టారంటగా... వాడింటికి జాయిస్ వెళ్ళిందంటగా... అన్నీ వాడికేనా?’ అన్నావు. నీ గొంతుతోనే.”

రాత్రంతా కూర్చునే ఉన్నా. నందిగామ నుంచి మా ఊరికి హైవే మీద తిన్నగా వచ్చేయొచ్చు. నేను అటు వెళ్ళలేను. మీలో ఎవరన్నా ఆ ఆస్పత్రి వైపు వెళ్తే, పై అంతస్తులో కిటికీ పక్క మంచం ఒక్కసారి చూసి చెప్తారా... వాడు ఇంకా పడుకునే ఉన్నాడా, లేచి బయల్దేరాడా?